బండి ఎవరి మాట వింటుంది?



రోగిని దవాఖానలో దించి తిరిగి బండెక్కే ముందు 108 అంబులెన్సు సిబ్బంది ఒక రికార్డు పూర్తి చేస్తారు. పేరు, వయసు, ఊరు, నాడి, బీపీ, దారిలో ఏ మందిచ్చారు, ఆక్సిజన్ పెట్టారా లేదా, ఇవన్నీ రాశాక డ్యూటీలో ఉన్న డాక్టరో నర్సమ్మో సంతకం పెట్టాలి. అందులోనే నాలుగు సమయాలు కూడా ఉంటాయి. ఫోను ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, రోగి దగ్గరికి ఎప్పుడు చేరింది, దవాఖానకు ఎప్పుడు తెచ్చింది. మన ఉట్నూర్ ఏజెన్సీలో అత్యవసర వైద్యం ఎట్లా నడుస్తున్నదో తెలియడానికి పెద్ద నివేదికలు అక్కర్లేదు, ఈ నాలుగూ చూస్తే చాలు. ఫోనుకూ కదలికకూ నడుమ జాప్యమైతే బండి వేరే కేసు మీద ఉందనో, అసలు బండ్లే తక్కువనో అర్థం. కదిలినాక చేరడానికి గంట పడితే దారి లేదన్న మాట. రోగిని ఎక్కించుకున్నాక జాప్యమైతే దవాఖాన దూరం, లేకుంటే మొదటి దవాఖాన చేతులెత్తేసి ఇంకో దవాఖానకు రాసింది.

ఈ లెక్కంతా హైదరాబాదుకు పోతుంది. ఫోను చేసిన గూడేనికి మాత్రం రాదు. ఊళ్లో మిగిలేది, "ఫోన్ చేసినం సారూ, ఇగ వస్తున్నం అగ వస్తున్నం అన్నరు, తెల్లారింది" అన్న మాట. ఆ మాట నిజమే కావచ్చు. కానీ పంచాయతీ దాన్ని పట్టుకుని ఎవర్నీ నిలదీయలేదు. ఏడుకు ఫోన్ చేస్తే ఎనిమిది నలభైకి వచ్చిందన్న కాగితం చేతిలో ఉంటే నిలదీయవచ్చు. ఇవ్వాళ నేను మాట్లాడదల్చుకున్నది దీని గురించే. అంబులెన్సు మీద స్థానిక ప్రభుత్వానికి, అంటే మన గ్రామసభకు, పంచాయతీకి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు, జిల్లా అధికారులకు ఏం అధికారం ఉంది, ఉన్నదాన్ని ఎంతవరకు వాడుకుంటున్నాం అని.

ముందు 108 ఎట్లా పుట్టిందో రెండు మాటలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని నడిపింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక దాన్ని జీవీకే సంస్థ చేతికి తీసుకుంది. ఇప్పుడు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ అంటున్నారు. పేర్లు మారినా పద్ధతి మారలేదు. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది సంస్థ, ఫోనెత్తేది హైదరాబాదులోని కేంద్రం. ఆ కేంద్రం దగ్గర్లో ఖాళీగా ఉన్న బండికి చెబుతుంది. బండిలో ఇద్దరు: నడిపే పైలట్, వైద్యం చేసే ఈఎంటీ. వాళ్లకు అనుమానమొస్తే అవతల ఫోనులో డాక్టరు ఉంటారు. ఇది మంచి ఏర్పాటు. ఇందులో నాకు రెండో మాట లేదు. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషిని ఎడ్లబండి మీద, మంచాన్ని నలుగురు భుజాన వేసుకుని మోసుకొచ్చిన రోజులు చూసినవాళ్లకు సైరను మోత ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఘాట్ రోడ్డు పక్కన బండి ఆపి కాన్పు చేసి, బొడ్డు కోసి, తల్లినీ బిడ్డనూ దవాఖానకు చేర్చిన ఈఎంటీలు ఈ ప్రాంతంలో చాలామందే ఉన్నారు.

చిక్కల్లా బండి ఎవరికి జవాబు చెబుతుందన్న దగ్గర. ఒప్పందం రాష్ట్ర ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య. బండి ఏ ఊళ్లో నిలబడాలి, పాడైతే ఎన్నాళ్లలో మార్చాలి, ఎంతసేపట్లో చేరాలి, ఇవన్నీ పైన తేలతాయి. 2023 ఆగస్టు 1న హైదరాబాదులో ఒక్కరోజే 466 వాహనాలు ప్రారంభించారు. అందులో 108 బండ్లు 204, గర్భిణులకూ బాలింతలకూ కేటాయించిన అమ్మఒడి బండ్లు 228, శవాలను తీసుకెళ్లేవి 34. కొత్త బండ్లు వస్తే సంతోషమే. ఏ మండలానికి ఏది రావాలన్నది మాత్రం ఆ మండలం వాళ్లను కూర్చోబెట్టి అడిగి తేల్చే విషయం కాలేదు.

చట్టం అట్లా చెప్పిందా అంటే, చెప్పలేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలున్నాయి. 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు అందులోకే వస్తాయి. ఇది దేశమంతటికీ వర్తించేది. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం కనుక 1996 నాటి పెసా చట్టం, అంటే షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం, ఇంకో అడుగు ముందుకు వేసింది. సామాజిక రంగాల్లోని సంస్థల మీదా ఉద్యోగుల మీదా అజమాయిషీ చేసే అధికారం పంచాయతీకి లేదా గ్రామసభకు ఉండాలని నాలుగో సెక్షన్ అంటుంది. బడి, అంగన్‌వాడీ, ఉపకేంద్రం గురించి ఈ మాట అప్పుడప్పుడైనా వినిపిస్తుంది. అంబులెన్సు కూడా అందులోదేనని ఎవరికీ తట్టదు, అది చక్రాల మీద ఉంటుంది కాబట్టి కాబోలు. 2011లో ఉమ్మడి రాష్ట్రం పెసా నియమాలు కూడా తెచ్చింది. గ్రామసభ కూర్చుని, మూడు నెలల్లో మా పంచాయతీ నుంచి 108కి ఎన్ని ఫోన్లు పోయాయి, ఒక్కోదానికీ ఆ నాలుగు సమయాలు ఏమిటి, రోగి పేరు అక్కర్లేదు, సమయాలు చెప్పండి చాలు అని తీర్మానం రాసి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి పీఓ సారుకు ఇస్తే, అది చట్టంలోంచి వచ్చిన ప్రశ్నే అవుతుంది. దయతలచి జవాబిస్తే తీసుకునే రకం కాదు.

జవాబుదారీ ఇక్కడ ఎందుకింత గజిబిజిగా ఉందో తెలియాలంటే పటం చూడాలి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా నాలుగయింది. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ ఆదిలాబాదులో ఉన్నాయి. జైనూర్, సిర్పూర్-యు, లింగాపూర్, కెరమెరి కుమురం భీం జిల్లాకు పోయాయి. ఖానాపూర్, కడెం నిర్మల్‌కు. ఐటీడీఏ మాత్రం నాలుగు జిల్లాల గిరిజనులకూ ఒక్కటే, ఉట్నూర్‌లోనే. జైనూర్ మనిషికి గుండెనొప్పి వస్తే దగ్గర్లో ఉన్న పెద్ద దవాఖాన ఉట్నూర్‌ది. అతని జిల్లా కేంద్రం మాత్రం కెరమెరి ఘాటు దిగి పోవాల్సిన ఆసిఫాబాద్. బండి దగ్గరి దవాఖానకే తెస్తుంది, అది సరే. ఆ బండి ఆలస్యమైందని జైనూర్ ప్రజాప్రతినిధి ఏ జిల్లా సమావేశంలో అడగాలి? ఆసిఫాబాదులో అడిగితే దవాఖాన మాది కాదంటారు. ఆదిలాబాదులో అడిగితే మండలం మాది కాదంటారు. ఈ రెంటికీ నడుమ నిలబడి వినగలిగినది ఐటీడీఏ ఒక్కటే. పాలకమండలి సమావేశాల్లో రోడ్లు, హాస్టళ్లు, బడుల మీద గంటలు గడుస్తాయి. అత్యవసర వైద్యానికి అందులో ఒక గంట కేటాయించాలనడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఇక దారి సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి, అంబులెన్సుకు దారి ఇవ్వనివాడికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారు. పట్నం వాళ్లకు మంచి చట్టమే. మన దగ్గర అంబులెన్సుకు దారి ఇవ్వనిది వాగు. దానికి ఎవరు జరిమానా వేస్తారు? వానాకాలం గాదిగూడ వైపో, తిర్యాణి వైపో బండి వాగు ఒడ్డున ఆగిపోతుంది, రోగి అవతలి ఒడ్డున మంచం మీద ఉంటుంది. ఈఎంటీ సంచి భుజాన వేసుకుని నడుంలోతు నీళ్లలో దిగుతాడు. ఇట్లాంటి ఫొటోలు ప్రతి ఏడూ పత్రికల్లో వస్తాయి, మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. అయితే అక్కడ కల్వర్టు లేకపోవడం ఈఎంటీ తప్పు కాదు, 108 సంస్థ తప్పూ కాదు. అది పంచాయతీరాజ్ శాఖదీ, ఐటీడీఏ ఇంజినీరింగ్ విభాగందీ, చాలాచోట్ల అటవీ శాఖదీ.

అడవిలో రోడ్డు వేయనివ్వరు కదా అంటారు మనవాళ్లు. కవ్వాల్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఈ మాట మరీ ఎక్కువ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఉంది. పోడు పట్టాల గొడవలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని ప్రకారం బడి, దవాఖాన, రోడ్డు వంటి ఊరి అవసరాలకు ఒక్కో పనికి హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. అంటే ఈ ప్రక్రియ మొదలుపెట్టే మాట గూడెందే. అయితే హెక్టారంటే రెండున్నర ఎకరాలు. పది కిలోమీటర్ల తారు రోడ్డు అందులో రాదు. వాగు దగ్గర తెగిపోయే మూల మలుపుకు, బండి తిరిగే జాగాకు సరిపోతుంది. ప్రాణం ఆగేది తరచుగా అక్కడే కాబట్టి అది చిన్న విషయం కాదు.

బండి దవాఖానకు చేరినంత మాత్రాన కథ అయిపోదు. ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు రాస్తారు, రిమ్స్ నుంచి హైదరాబాదుకు రాస్తారు, అది 300 కిలోమీటర్లు. ఒక్కోసారి నాగ్‌పూర్ పొమ్మంటారు. ఇక్కడే ప్రైవేటు అంబులెన్సు రంగంలోకి వస్తుంది. దవాఖాన గేటు ముందు వరసగా నిలబడ్డ వ్యాన్లు మీరు చూసే ఉంటారు. పైన ఎర్ర దీపం, లోపల ఒక సిలిండరు, స్ట్రెచరు. సిలిండరులో గాలి ఉందో లేదో ఎక్కాక గానీ తెలియదు. కేంద్రం తెచ్చిన జాతీయ అంబులెన్సు ప్రమాణాల్లో నాలుగు తరగతులున్నాయి. తొలి సాయానికి ఒకటి, కేవలం రోగిని చేరవేయడానికి ఒకటి, ప్రాథమిక ప్రాణరక్షణకు ఒకటి, వెంటిలేటరుతో సహా పెద్ద వైద్యానికి ఒకటి. రెండో తరగతి బండిలో నాలుగో తరగతి రోగిని ఎక్కించుకుని పోతుంటే ఆపి చూసేవాళ్లు మనకు కనిపించరు. రవాణా శాఖ బండి కాగితాలు చూస్తుంది. వైద్య శాఖ దవాఖాన లోపల చూస్తుంది. గేటుకూ రోడ్డుకూ మధ్య నిలబడ్డ వ్యాను ఏ శాఖ కంటికీ ఆనదు.

ధర సంగతి ఇంకా దారుణం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. చిట్వేలు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి, చనిపోయిన కొడుకును దాదాపు 90 కిలోమీటర్లు మోటారు సైకిలు మీద ఇంటికి తీసుకుపోయాడు. ఆసుపత్రి ముందున్న అంబులెన్సుల వాళ్లు అడిగిన డబ్బు ఇవ్వలేక. బయటి నుంచి ఎవరో తక్కువ ధరకు బండి పంపితే దాన్ని లోపలికి రానివ్వలేదని కూడా అప్పుడు వార్తలొచ్చాయి. రాష్ట్రం గగ్గోలెత్తాక గానీ ప్రీపెయిడ్ పద్ధతి, ధరల పట్టిక అన్న మాటలు అధికారుల నోట రాలేదు. నిజానికి అంతకు ఏడాదిన్నర ముందే, 2020 సెప్టెంబరులో, కరోనా రోగుల నుంచి అంబులెన్సులు ఇష్టం వచ్చినట్టు వసూలు చేయకుండా రాష్ట్రాలు సముచితమైన ధర నిర్ణయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కరోనా తగ్గింది, ఆ పట్టికలూ గోడల మీద నుంచి రాలిపోయాయి. ఆదిలాబాద్‌కు ఎంత, నిర్మల్‌కు ఎంత, హైదరాబాదుకు ఎంత, వెంట నర్సు వస్తే ఎంత, తిరుగు ప్రయాణానికి డబ్బు అడగవచ్చా లేదా, ఈ అయిదారు వరుసలు ఉట్నూర్ దవాఖాన గేటు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, మరాఠీలో రాయించడానికి శాసనసభ కూర్చోవాల్సిన పని లేదు. కలెక్టరు, రవాణా అధికారి, వైద్యాధికారి ఒక పూట వ్యాన్ల యజమానులతో కూర్చుంటే తేలిపోతుంది. యజమానుల మాటా వినాలి. డీజిలు ఖర్చు వాళ్లది, నడిరాత్రి ప్రయాణం వాళ్లది, ఖాళీగా తిరిగొచ్చే బండి వాళ్లది. గిట్టుబాటు కాని ధర రాస్తే వ్యాన్లు మాయమవుతాయి, నష్టపోయేది రోగే.

నియంత్రణ అనగానే అధికారం చేతిలో ఉంది కదా అని గేటు మూయడం కూడా ఉంటుంది. 2021 మే నెలలో అది చూశాం. ఆంధ్ర నుంచి వచ్చే కరోనా రోగుల అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర మన పోలీసులు ఆపేశారు. హైదరాబాదులో పడక ఖాయమైందన్న కాగితం, కంట్రోల్ రూము అనుమతి ఉంటేనే రావాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. సరిహద్దు మీద బతికే మన ఆదిలాబాద్ వాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. రేపు మనం నాగ్‌పూర్ పోతుంటే మహారాష్ట్ర వాళ్లు ఇదే మాటంటే?

గేటు మూయకుండా లెక్క అడిగే నియంత్రణ కూడా ఉంటుంది. మన పిల్లలు చాలామంది అమెరికాలో కాలిఫోర్నియాలో ఉంటున్నారు, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో. అక్కడ ఈ వ్యవహారం కౌంటీ చేతిలో ఉంటుంది, కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా అనుకోండి. 1980లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం కౌంటీ ఒక స్థానిక అత్యవసర వైద్య సంస్థను ఏర్పాటు చేసుకోవచ్చు. ఏ కంపెనీకి అంబులెన్సు కాంట్రాక్టు ఇవ్వాలి, ఎన్ని నిమిషాల్లో చేరాలి అని అదే చూస్తుంది. రాసుకున్న నిమిషాలు దాటితే కంపెనీ జరిమానా కట్టే ఒప్పందాలున్నాయి. అక్కడ అంతా బంగారమని కాదు. ఒకసారి అంబులెన్సు ఎక్కితే వచ్చే బిల్లు చూసి మన పిల్లలు టాక్సీలో పోదామా అనుకుంటారు. మనది డబ్బు అడగని బండి, అది మన గొప్ప. అయితే ఆలస్యానికి లెక్క అడిగే సంస్థ జిల్లాలోనే ఉండటం వాళ్ల గొప్ప. రెండూ ఒక్కచోట ఉండకూడదని ఏ గ్రంథంలోనూ లేదు.

1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి జారిపడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ఒక సర్కారు దవాఖాన తర్వాత ఇంకోటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. వేళకు వైద్యం అందకపోవడం జీవించే హక్కును కాదనడమేనని కోర్టు తేల్చింది, 25,000 రూపాయల పరిహారం ఇమ్మంది. అంతటితో ఆగలేదు. ప్రాథమిక కేంద్రం నుంచి పెద్ద దవాఖానకు చేర్చే అంబులెన్సులుండాలి, వాటిలో పరికరాలు, సిబ్బంది ఉండాలి, ఎక్కడ పడక ఖాళీగా ఉందో తెలిసే కేంద్రం ఉండాలి అంది. డబ్బు లేదన్న సాకు చెల్లదంది. ఉట్నూర్ నుంచి రిమ్స్‌కు రాసేముందు అక్కడ పడక ఉందా అని ఫోనులో అడగడం ఆ తీర్పు ప్రకారం మర్యాద కాదు, విధి.

స్థానికంగా ఏమీ చేయలేమని నేను ఒప్పుకోను. 2018లో ఆంధ్రలోని పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది. కొండ మీది ఊళ్లకు అంబులెన్సు ఎట్లాగూ ఎక్కదు కాబట్టి నెలలు నిండిన వాళ్లను ముందే కిందికి తెచ్చి, తిండి పెట్టి, దవాఖాన పక్కన ఉంచారు. అదే ఏడు అక్కడి ఏజెన్సీ ప్రాంతాలకు మోటారు సైకిలు అంబులెన్సులూ ఇచ్చారు, రోడ్డు లేని చోటి నుంచి 108 దాకా తేవడానికి. బైకు సంగతి పక్కన పెడితే, గర్భిణుల వసతి నాకు చాలా నచ్చింది. అది రోగి కోసం బండిని పరుగెత్తించే బదులు పరుగు అవసరం లేకుండా చేస్తుంది. కాన్పు తేదీ ఆశ కార్యకర్త దగ్గర రాసే ఉంటుంది. అందులో అత్యవసరం ఏముంది? వాగు పొంగేదాకా ఆగితే అత్యవసరం అవుతుంది. కోలాం గూడేల్లో ఆడవాళ్లు ఇల్లు విడిచి ముందుగా రావడానికి ఇష్టపడరు, ఇంటి దగ్గర మిగతా పిల్లలుంటారు, మేకలుంటాయి. ఒప్పించాల్సింది డాక్టరు కాదు, పటేలు, ఊరి పెద్దమ్మ, గిరిజనుల సంప్రదాయ పంచాయితీ రాయి సెంటరు పెద్ద సార్‌మేడీ. ఐటీడీఏకు వాళ్లతో మాట్లాడే అలవాటు ఉంది.

బండి ఎక్కడ నిలబడాలో జిల్లా వాళ్లు నిర్ణయించగలరనడానికి మన కళ్ల ముందే సాక్ష్యం ఉంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. వైద్య శిబిరం ఎక్కడ, అంబులెన్సు ఎక్కడ, బయటికి పోయే దారి ఏది, అన్నీ ముందే అధికారులు కూర్చుని తేలుస్తారు. అదే కుర్చీల్లో కూర్చుని జూన్‌లో వానాకాలం పటం గీయవచ్చు. ఏ వాగు ఏ వానకు పొంగుతుంది, అవతల ఎన్ని గూడేలున్నాయి, ఆ నాలుగు నెలలు బండి ఏ ఒడ్డున ఉండాలి అని. నాగోబా దర్బారు 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ దొర మొదలుపెట్టినప్పుడు దాని పని, అధికారులు వచ్చి గిరిజనుల గోడు అక్కడే వినడం. ఈసారి దర్బారులో ఎవరైనా 108 సమయాల కాగితం అడిగితే ఆ సంప్రదాయానికి తగిన పనే చేసినట్టు.

చివరగా ఒక ఉపయోగకరమైన మాట. కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ వంటి సరిహద్దు ఊళ్లను మన రాష్ట్రమూ మహారాష్ట్రమూ మావంటే మావని ఏళ్లుగా అంటున్నాయి. రెండు పంచాయతీలు, రెండు బడులు, రెండు రేషన్లు. అత్యవసర నంబరు మాత్రం అటూ ఇటూ ఒకటే, 108. మహారాష్ట్ర కూడా 2014 నుంచి అదే నంబరు వాడుతోంది. మీ సెల్లు అవతలి టవరు పట్టుకుని ఉంటే ఫోను మహారాష్ట్ర కేంద్రానికి పోవచ్చు, మరాఠీలో పలకరిస్తారు. గాబరాపడి పెట్టేయకండి. ఊరు పేరు, మండలం, జిల్లా, రాష్ట్రం ముందుగా చెప్పండి. ఊరికి బండి రాలేకపోతే ఏ వాగు దగ్గరికి, ఏ కూడలికి మీరు రోగిని తేగలరో చెప్పండి. గుడి, బడి, సెల్ టవరు, ఏదో ఒక గుర్తు చెప్పండి. ఫోను చేసిన నంబరును పనిలో ఉంచండి, పైలట్ దానికే చేస్తాడు. ఆటోలోనో ట్రాక్టరు మీదో ఎవరైనా ప్రమాద బాధితుణ్ణి దవాఖానకు తెస్తే, వాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టడానికి, కేసుల్లో ఇరికించడానికి వీల్లేదని చట్టం ఉంది, భయపడొద్దు. ఫోను చేసిన వేళ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బండి వచ్చిన వేళ దాని కిందే రాయండి. వచ్చే గ్రామసభలో కార్యదర్శి చేతికివ్వండి, రిజిస్టరులో ఎక్కించి సంతకం తీసుకోండి.